చెరువుల దారిలో మన మనిషితో బండి ప్రయాణం: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

బంధువులతో కలిసి మోటారు సైకిల్ మీద చెరువుల వెంబడి దూరప్రయాణం చేయాలనుకునేవారు పంపిన ఉత్తరాలలో నాలుగింటికి ఈ సంచికలో సమాధానాలు ఇస్తున్నాము. మొదటి ఉత్తరంలో వయసు, ఆరోగ్యం, దారి, బీమా అన్నీ ఒకచోట కలిసి ఉన్నందువల్ల దానికి ఎక్కువ చోటు కేటాయించాము.

ప్రశ్న: మా మేనమామకు 62 ఏళ్లు. విద్యుత్ శాఖలో లైన్‌మన్‌గా పనిచేసి పదవీ విరమణ చేశారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ మెదక్ చుట్టుపక్కల ఊళ్లన్నీ బండి మీదే తిరిగిన మనిషి, మా అత్తమ్మ కాలం చేసినప్పటి నుంచి ఇల్లు కదలడం లేదు. నా దగ్గర 350 సీసీ బండి ఉంది. ఆయనను వెనుక కూర్చోబెట్టుకుని, వీలైనంత వరకు చెరువుల పక్క దారులలో నిజాంసాగర్ వరకు తీసుకువెళ్లాలని ఉంది. ఆయనకు షుగర్ ఉంది, మోకాళ్ల నొప్పి కూడా ఉంది. అయినా మధ్యలో కొంత దూరం తానే నడుపుతానని అంటున్నారు. మా అమ్మ మాత్రం ఈ ఆలోచనే వద్దంటోంది. ఒక్క రోజులో వెళ్లి రాగలమా? ఏ దారి, ఏ నెల మంచివి?
– ఒక పాఠకురాలు, మల్కాజిగిరి

జవాబు: తప్పకుండా తీసుకువెళ్లండి. అయితే ఒక్క రోజులో వెళ్లి రావాలన్న ఆలోచన మానుకోండి. హైదరాబాద్ నుంచి నిజాంసాగర్ దాదాపు 150 కిలోమీటర్లు ఉంటుంది. కారులో అయితే ఉదయం బయలుదేరి రాత్రికి ఇల్లు చేరవచ్చు గానీ, మోకాళ్ల నొప్పి ఉన్న పెద్దమనిషి బండి వెనుక సీటు మీద ఒకే రోజు 300 కిలోమీటర్లు కూర్చోవడం ఆయనకు శిక్షే అవుతుంది. ఎంత దూరం పోవాలన్నది వెనుక కూర్చున్నవారి నడుము, మోకాళ్లు తేల్చవలసిన విషయం. కాబట్టి ఎక్కడెక్కడ ఆగాలో ముందుగా రాసుకుని, ఆ చోట్లను కలుపుతూ దారి వేసుకోండి. ఇందుకు మన చెరువుల దారులంత అనువైనవి వేరే లేవు. తెలంగాణలో ఒకే వాగు మీద ఒకదాని దిగువన ఒకటిగా గొలుసుకట్టు చెరువులు తవ్వించారు. పై చెరువు నిండి మత్తడి దుంకితే ఆ నీరు కింది చెరువుకు చేరుతుంది. అందుచేత మెదక్ వైపు ఏ దారి పట్టినా, మనిషికి విశ్రాంతి అవసరమయ్యే సమయానికి ఏదో ఒక చెరువు కట్ట, దాని పక్కన నాలుగు చెట్ల నీడ కనిపిస్తూనే ఉంటాయి.

మూడు పగళ్లు, రెండు రాత్రులు పెట్టుకోండి. రోజుకు 100 కిలోమీటర్లకు అటూ ఇటూ అవుతుంది. మొదటి రోజు బాలానగర్, సూరారం, గండిమైసమ్మ, దుండిగల్, గుమ్మడిదల మీదుగా నర్సాపూర్ చేరుకోండి. ఔటర్ రింగు రోడ్డు ప్రధాన మార్గం మీదికి ద్విచక్ర వాహనాలకు అనుమతి లేదు కాబట్టి, ఫోను చూపించే దారి మిమ్మల్ని అటు ఎక్కించబోతే వినకండి. అవసరమైనచోట సర్వీసు రోడ్డు వాడుకోండి. గండిమైసమ్మ దాటేదాకా లారీల రద్దీ, దుమ్ము తప్పవు. అందుకే ఆదివారం ఉదయం ఆరున్నరకు బయలుదేరితే మేలు. నర్సాపూర్ ఊరి పక్కన రాయరావు చెరువు దగ్గర మొదటిసారి ఆగి, ఉపాహారం కూడా ఆ ఊళ్లోనే ముగించండి. నర్సాపూర్ అడవి దారిలో కోతులు రోడ్డు మీదనే కూర్చుంటాయి. ఆగి వాటికి తిండి పెట్టేవారి వల్ల ఆ అలవాటు ముదిరింది; మీరు ఆగవద్దు, సంచిలోని పండ్లు పైకి కనిపించనివ్వవద్దు. అక్కడి నుంచి కౌడిపల్లి, కొల్చారం మీదుగా మెదక్ చేరి ఆ రాత్రి అక్కడే బస చేయండి. సాయంత్రం 1924లో ప్రారంభమైన మెదక్ చర్చి ఆవరణలో కాసేపు కూర్చోవచ్చు. మెదక్ కోట మెట్లు మాత్రం మోకాళ్ల నొప్పి ఉన్నవారికి వద్దు.

రెండో రోజుది అసలైన చెరువుల దారి. మెదక్ నుంచి ఎల్లారెడ్డి పోయే రోడ్డు మీద సుమారు 15 కిలోమీటర్లు వెళితే పోచారం వస్తుంది. మంజీరలో కలిసే ఆలేరు వాగు మీద నిజాం ప్రభుత్వం కట్టించిన ఈ జలాశయం 1922లో పూర్తయింది. చుట్టూ అభయారణ్యం ఉంది, చలికాలంలో వలస పక్షులు దిగుతాయి. ఇక్కడ కనీసం రెండు గంటలు ఉండేలా చూసుకోండి. ఆ తరువాత ఎల్లారెడ్డి మీదుగా నిజాంసాగర్. నిజాం ప్రభుత్వ ఇంజనీరు అలీ నవాజ్ జంగ్ బహదూర్ ఆధ్వర్యంలో 1923లో మొదలై 1931లో ముగిసిన ఈ ఆనకట్ట మంజీర నీటిని నిజామాబాద్ పొలాలకు మళ్లించింది. ఆ నీటితోనే అక్కడ చెరకు పెరిగింది, ఆ చెరకుతోనే బోధన్ చక్కెర కర్మాగారం నడిచింది. మీ మామయ్య గారి తరం వారికి ఈ కథ మనకంటే బాగా తెలిసి ఉంటుంది, వారి నోట వినండి. రాత్రికి కామారెడ్డిలో ఉండి, మూడో రోజు ఉదయం రామాయంపేట, తూప్రాన్, మేడ్చల్ మీదుగా జాతీయ రహదారి 44 పట్టుకుని ఇల్లు చేరండి. ఆ రహదారిలో చూడదగిన నీళ్లేమీ పెద్దగా ఉండవు. కానీ అలసిన మూడో రోజున తిన్నని, వెడల్పైన రోడ్డే క్షేమం.

ఇక్కడ ఒక సూచన చేస్తాను. పైన చెప్పిన దారిలో కొంత భాగాన్ని మీ మామయ్య గారికే వదిలేయండి. లైన్‌మన్‌గా తిరిగినవారికి ఏ ఊరి నుంచి ఏ ఊరికి పొలాల మీదుగా తారు రోడ్డు ఉందో, ఏ చెరువు కట్ట కింద మర్రిచెట్టు ఉందో, ఏ సబ్‌స్టేషన్ దగ్గర తెలిసినవారు ఉన్నారో గుర్తుంటుంది. మెదక్, పోచారం మధ్య ఒక పూటంతా ఆయన చెప్పిన మలుపు తిరగండి. ఇల్లు కదలని మనిషిని విహారానికి తీసుకుపోతున్నామన్న భావం కంటే, దారి తెలిసిన మనిషిని వెంట తీసుకుపోతున్నామన్న గౌరవం ఆయనను ఎక్కువగా కదిలిస్తుందని నా నమ్మకం. ఒక సంగతి గుర్తుంచుకోండి: 50 కిలోమీటర్ల వేగం దాటితే గాలి హోరుకు హెల్మెట్‌లో మాట వినిపించదు. అందువల్ల మాటలన్నీ ఆగినచోటే సాగుతాయి. ఆగడం ఎంత తరచుగా ఉంటే మాట అంత సాగుతుంది.

ఏ నెల అన్నదానికి వస్తే, చెరువులు ఆగస్టు, సెప్టెంబరులలో నిండుతాయి, చూడడానికి అప్పుడే నిండుగా ఉంటాయి కూడా. కానీ నాట్ల కాలంలో ట్రాక్టర్లకు బిగించే ఇనుప చక్రాలు (కేజ్ వీల్స్) తెచ్చే బురద తారు రోడ్డు మీద పరుచుకుని, వాన పడగానే జారుడుగా మారుతుంది. పైగా 2025 ఆగస్టు చివరి వానలకు మెదక్, కామారెడ్డి జిల్లాలలో రోడ్లు తెగి, ఊళ్లు నీటిలో చిక్కుకున్న సంగతి మరువలేము. నవంబరులో నీళ్లుంటాయి, ఎండ ఉండదు, కానీ వానాకాలం వడ్లు కోతకు వచ్చి రోడ్డులో సగం మేర ఆరబోసి ఉంటాయి. ఆ వడ్ల కుప్పలకు అడ్డుగా పెట్టిన రాళ్లు చీకటిలో కనిపించవు, వడ్ల మీద బ్రేకు పడితే చక్రం నిలవదు. నా ఎంపిక డిసెంబరు చివరి వారం నుంచి జనవరి నెలాఖరు వరకు. అప్పటికి చాలా చోట్ల వడ్లు కొనుగోలు కేంద్రాలకు చేరి ఉంటాయి, చెరువులలో నీరు ఇంకా ఉంటుంది. ఆ రోజులలో రెండు జాగ్రత్తలు అవసరం. చెరువుల పక్కన పొద్దున పొగమంచు పట్టి ఉంటుంది కాబట్టి రెండో రోజు ఎనిమిది దాటాకే కదలండి. సంక్రాంతికి ముందూ వెనుకా నగరం దాటేవరకు మెడకు మందపాటి గుడ్డ చుట్టుకోండి. చైనా మాంజా మీద నిషేధం ఉన్నా, తెగిన దారాలు రోడ్డుకు అడ్డంగా వేలాడుతూ బండివారి మెడలు కోస్తూనే ఉన్నాయి.

షుగర్ విషయంలో బయలుదేరే ముందు ఆయనను చూసే డాక్టరును తప్పకుండా సంప్రదించండి. ఇన్సులిన్ గానీ, చక్కెరను గట్టిగా తగ్గించే కొన్ని రకాల మాత్రలు గానీ వాడుతున్నవారికి భోజనం ఆలస్యమైతే చక్కెర మరీ పడిపోతుంది. చెమటలు, వణుకు, మాట తడబడడం, కళ్లు తిరగడం దాని గుర్తులు. ఆ గుర్తు కనిపించిన వెంటనే ఆపి, మూడు చెంచాల చక్కెర కలిపిన నీళ్లు లేదా గ్లూకోజు ఇచ్చి, 15 నిమిషాలు ఆగి చూసి, తగ్గకపోతే మళ్లీ ఇవ్వాలి. ఆ తరువాత ఏదైనా తినిపించాలి. ఆయన స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి. అందుకని చక్కెర పొట్లం, మందులు, డాక్టరు చీటీ నకలు వెనుక పెట్టెలో కాకుండా మీ జేబులో ఉండాలి. మోకాళ్ల సంగతి చెప్పాలంటే, 40 నిమిషాలకోసారి ఆపి ఐదు నిమిషాలు నడిపించండి. దిగడానికీ ఎక్కడానికీ ఎత్తయిన గట్టు లేదా మెట్టు పక్కన బండి ఆపితే కాలు అంత పైకి లేపే బాధ తప్పుతుంది. ఆయన పూర్తిగా ఎక్కి కూర్చుని, భుజం తట్టి చెప్పేవరకు మీరు రెండు కాళ్లూ నేల మీద ఆనించి, ముందు బ్రేకు పట్టుకుని ఉండాలి.

బండిని రెండు రోజుల ముందే మెకానిక్‌కు చూపించండి. వెనుక మనిషి, సామాను ఉన్నప్పుడు వెనుక టైరులో గాలి ఎక్కువ ఉండాలి. ఎంత అన్నది బండి మీద అంటించిన స్టిక్కరులోనో, బండితో ఇచ్చిన పుస్తకంలోనో ఉంటుంది. వెనుక షాకబ్జార్బర్లను కూడా బరువుకు తగినట్టు ఒకటి రెండు గాట్లు బిగించమనండి. చాలామంది పట్టించుకోని విషయం ఇంకొకటి ఉంది. వెనుక బరువు పడితే బండి ముందు భాగం లేచి హెడ్‌లైటు వెలుగు రోడ్డు మీద కాకుండా ఎదుటివారి కళ్లలో పడుతుంది. ఆయనను కూర్చోబెట్టి, చీకటిలో ఒక గోడ ముందు నిలబెట్టి లైటు దించుకోండి. చైనుకు నూనె, బ్రేకు ప్యాడ్లు, అద్దాలు చూసుకోవడం మామూలే. హెల్మెట్ ఇద్దరికీ ఐఎస్ఐ గుర్తు ఉన్నది, ముఖమంతా కప్పేది ఉండాలి. చట్టం కూడా వెనుక కూర్చున్నవారికి హెల్మెట్ తప్పనిసరి అంటుంది.

ఆయన తానే నడుపుతానన్నందుకు నాకు సంతోషమే గానీ, ముందు లైసెన్సు తీసి చూడండి. 55 దాటినవారికి లైసెన్సును ఐదేళ్లకోసారి పునరుద్ధరించాలి. ఉద్యోగం మానేసిన తరువాత చాలామంది ఆ తేదీ గమనించరు. గడువు తీరి ఉంటే హ్యాండిల్ ఇవ్వవద్దు, ఎంత బాధపడినా ఇవ్వవద్దు. లైసెన్సు సక్రమంగా ఉంటే, ఇంటి దగ్గర ఖాళీ మైదానంలో ఒక సాయంత్రం నడిపించి చూడండి. ఆయన నడిపిన పాత బళ్ల బరువు, నేటి 180 కిలోలకు పైబడిన 350 సీసీ బండి బరువు ఒకటి కావు, ఆగినప్పుడు బండి ఒకవైపు వాలితే మోకాలు దాన్ని నిలపలేకపోవచ్చు. నమ్మకం కుదిరితే, పోచారం దాటాక రద్దీ లేని తిన్నని రోడ్డు మీద పది కిలోమీటర్లు నడపనివ్వండి. అప్పుడు మీరు వెనుక కూర్చుంటారు గనుక మీ చున్నీ చక్రంలో పడకుండా జాకెట్ లోపలికి దోపుకోండి.

బీమా పత్రం కూడా చదవండి. థర్డ్ పార్టీ మాత్రమే ఉన్న పాలసీలో బండి వెనుక ఉచితంగా కూర్చున్నవారికి రక్షణ లేదని 2006లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. సమగ్ర పాలసీలో ఉంటుంది. అలాగే యజమానికి తప్పనిసరిగా తీసుకునే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఆ యజమానికే వర్తిస్తుంది, మీ మామయ్య గారు నడిపితే ఆయనకు వర్తించదు. పాలసీకి కొంత ప్రీమియం అదనంగా కట్టి ఈ లోటు పూడ్చుకునే వీలు ఉంటుంది. ఏజెంటును అడిగి, చెప్పినది కాగితం మీద ఉందో లేదో చూసుకున్నాకే బయలుదేరండి.

మీ అమ్మగారికి కోపం కంటే భయం ఎక్కువగా ఉందనుకుంటాను, తమ్ముడి ఆరోగ్యం, కూతురి క్షేమం రెండూ ఒకే బండి మీద పోతుంటే ఏ తల్లికైనా ఉంటుంది. ఆమెకు వాదనతో నచ్చజెప్పవద్దు. ఆగే ఊళ్ల పట్టిక, బస చేసే చోటి ఫోను నంబరు, డాక్టరు మాట, ఇవి ఆమె చేతిలో పెట్టండి. ఆగిన ప్రతిచోటా మీ మామయ్య గారి చేత ఫోన్ చేయించండి. చీకటి పడకముందే బస చేరతామన్న మాట ఇచ్చి, దానిని నిలబెట్టుకోండి.

ప్రశ్న: నేను, మా తమ్ముడు బండి మీద చెరువులు చూడడానికి వెళ్లినప్పుడు కట్ట మీదుగా పోతుంటాము. ఈతకు కూడా దిగుతాము. ఇంట్లోవారు ఇది ప్రమాదం అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, ఉప్పల్

జవాబు: నిజమే. బస్సు తిరిగే తారు రోడ్డు ఉన్న కట్టల మీద బండి నడపవచ్చు. మిగతా కట్టల మీద వద్దు. చాలా కట్టలు మట్టితో వేసినవి, పక్కన గోడ ఉండదు, ఎదురుగా ట్రాక్టరు వస్తే తప్పుకునే చోటు ఉండదు, వాన తరువాత అంచు మట్టి చక్రం బరువుకు జారుతుంది. కట్ట మైసమ్మ గుడి దగ్గర బండి ఆపి, తూము దాకా నడిచి వెళ్లండి. ఊరివారు కూడా అలాగే వెళతారు.

ఈత సంగతి మరింత గట్టిగా చెప్పాలి. 2015లో మొదలైన మిషన్ కాకతీయ పనులలో చెరువుల పూడిక తీసి పొలాలకు తోలుకున్నారు. నేలకు మేలు చేసిన మంచి పని అది. కానీ ఆ తవ్వకాల వల్ల, ఇతరత్రా మట్టి కోసం తీసిన గుంతల వల్ల చెరువు లోపలి నేల ఒకే లోతుగా లేదు. మోకాలి లోతు నీళ్లలో నడుస్తున్న మనిషి మరో రెండు అడుగులలో తల మునిగే గుంతలో పడవచ్చు, అడుగున బంకమట్టి కాలు వదలదు. ఒకరిని కాపాడబోయి రెండోవారు కూడా మునిగిన వార్తలు ఏటా చదువుతున్నాము. అన్నదమ్ములు కలిసి వెళ్లినప్పుడు ఆ భయం ఇంకా ఎక్కువ. ఒడ్డున కూర్చోండి, చేపలు పట్టేవారితో మాట్లాడండి. నీళ్లలోకి దిగవద్దు.

మత్తడి దుంకుతున్న కాలంలో దిగువన లోలెవల్ వంతెనల మీద నీరు పారుతుంది. కింద రోడ్డు ఉందో కొట్టుకుపోయిందో పైనుంచి తెలియదు. రెండు చక్రాల బండిని పక్కనుంచి తోసే ప్రవాహానికి చక్రం సగం మునిగే లోతు చాలు. అవతలి ఊరివారు దాటుతున్నారని మీరు దాటవద్దు. వెనక్కి తిరిగి వేరే దారి పట్టండి.

ప్రశ్న: నాది 125 సీసీ బండి, మా బావది అంతకు మూడింతల శక్తి ఉన్న బండి. ఇద్దరం వరంగల్ మీదుగా రామప్ప, లక్నవరం, పాకాల చెరువులు రెండు రోజులలో చూసి రావాలనుకుంటున్నాము. ఇదివరకు కలిసి వెళ్లినప్పుడు ఆయన ముందుకు వెళ్లిపోవడం, నేను వెనుకబడి ఫోన్లు చేసుకోవడం, చివరికి ఇద్దరికీ మాట పట్టింపు రావడం జరిగాయి. ఈసారి ఎలా వెళ్లాలి?
– ఒక పాఠకుడు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: మీ బండి ముందు ఉండాలి, బావగారిది వెనుక ఉండాలి. చిన్న బండి వేగమే జంట వేగమని ఇంటి దగ్గరే ఒప్పుకున్నాక కదలండి. శక్తి ఉన్న బండికి నెమ్మదిగా పోవడం కష్టం కాదు, చిన్న బండిని అదేపనిగా పూర్తి వేగంతో ఉరికించడమే బండికీ మీకూ కష్టం. ఇద్దరూ ఒకే వరుసలో కాకుండా, ముందువారు రోడ్డులో తమ వాటాకు కుడి పక్కన, వెనుకవారు రెండు సెకన్ల ఎడంతో ఎడమ పక్కన ఉంటే ఒకరికొకరు అద్దంలో కనిపిస్తారు, ఉన్నట్టుండి బ్రేకు వేసినా ఢీకొనరు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది కాబట్టి ఆ రెండు సెకన్ల ఎడం ఎంతో అవసరం. ఇరుకు మలుపులలో మాత్రం ఒకరి వెనుక ఒకరు రండి. దారి మారే ప్రతి కూడలిలో ముందువారు ఆగి, వెనుకవారు కనిపించాకే మలుపు తిరగాలి. ఈ ఒక్క నియమం పాటిస్తే ఫోన్ల అవసరమే రాదు. ములుగు దాటాక అడవిలో చాలాచోట్ల సిగ్నల్ అందదు కూడా.

రెండు రోజులు చాలవు. హైదరాబాద్ నుంచి వరంగల్‌కే సుమారు 145 కిలోమీటర్లు. మూడు రోజులు పెట్టుకోలేకపోతే పాకాల మరోసారికి ఉంచి, రామప్ప, లక్నవరం చూడండి. రామప్ప గుడిని కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించాడు. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా వచ్చినప్పటి నుంచి జనం గుడి చూసి వెనక్కి తిరుగుతున్నారు గానీ, కొద్ది దూరంలోనే ఉన్న రామప్ప చెరువును చూడకపోతే ఆ కట్టడంలో సగం చూడనట్టే. గుడి కట్టినవారు అదే కాలంలో చెరువు కట్టి ఆయకట్టుకు నీరిచ్చారు, ఇప్పటికీ ఆ నీటితో పంట పండుతోంది. కనుక పగటిపూట చెరువుకూ రెండు గంటలు ఇవ్వండి. లక్నవరంలో వేలాడే వంతెన దగ్గర సెలవు రోజులలో రద్దీ ఉంటుంది, మామూలు రోజు ఎంచుకోండి. పెట్రోలు ములుగులోనే నింపుకోండి. అడవి రోడ్లలో సాయంత్రం ఐదు దాటాక బండి నడపవద్దు, పశువులు ఇంటిముఖం పట్టే వేళ అది. రెండేళ్లకోసారి మాఘ మాసంలో మేడారం జాతర జరిగే రోజులలో ఆ వైపు విహారానికి వెళ్లే ఆలోచన పెట్టుకోవద్దు. మాట పట్టింపు సంగతి, ఆగినచోట మొదటి చాయ్ ఎవరు తాగించాలన్నది మీరూ బావగారూ తేల్చుకోండి, మిగతాది వేగం కుదిరితే దానంతటదే సర్దుకుంటుంది.

ప్రశ్న: మా మరిది తొమ్మిదేళ్ల మా అబ్బాయిని బండి మీద వికారాబాద్ దగ్గరి కోట్‌పల్లి జలాశయానికి తీసుకువెళతానంటున్నాడు. పంపవచ్చా?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: ఈ ఏడాది వద్దు. వెనుక సీటులో కూర్చున్న పిల్లవాడి రెండు పాదాలూ ఫుట్‌రెస్ట్ మీద పూర్తిగా ఆనాలి, చేతులు ముందున్నవారి నడుమును చుట్టి పట్టుకోగలగాలి, నిద్ర వస్తే చెప్పగల వయసు ఉండాలి. మొదటి రెండూ కుదిరినా, రానుపోను 150 కిలోమీటర్లకు పైబడిన ప్రయాణంలో తొమ్మిదేళ్ల పిల్లవాడు తిరుగు దారిలో తూగకుండా ఉండడం కష్టం. పిల్లలను పెట్రోలు ట్యాంకు మీద ముందు కూర్చోబెట్టే అలవాటు మన దగ్గర ఉంది, అది అసలే కూడదు. కోట్‌పల్లికి అందరూ కారులోనో బస్సులోనో వెళ్లండి, అక్కడి పడవలు చూసి పిల్లవాడు ఆనందిస్తాడు.

బాబాయితో బండి మీద వెళ్లాలన్న అబ్బాయి ముచ్చట తీరడానికి గండిపేట చాలు. ఆదివారం ఉదయం, వాహనాలు తక్కువగా ఉన్న వేళ, 40 కిలోమీటర్ల వేగం మించకుండా తీసుకువెళ్లమనండి. 1908 సెప్టెంబరులో మూసీ వరద నగరాన్ని ముంచెత్తిన తరువాత, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనల మేరకు ఎగువన రెండు జలాశయాలు కట్టారనీ, వాటిలో ఉస్మాన్‌సాగర్ అనే ఈ గండిపేట 1920లో, ఈసా నది మీది హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయనీ బాబాయి దారిలో చెబితే, తొమ్మిదేళ్ల వయసుకు అది బాగా మనసుకు పడుతుంది. నాలుగేళ్లు దాటిన ప్రతి పిల్లవాడికీ చట్టప్రకారం హెల్మెట్ ఉండాలి. పెద్దవారి హెల్మెట్ పిల్లల తలకు వదులై బ్రేకు వేయగానే కళ్ల మీదికి జారుతుంది కాబట్టి, అబ్బాయిని దుకాణానికి తీసుకువెళ్లి, పట్టీ బిగించి తల అటూ ఇటూ ఊపించి, కదలనిది చూసి కొనండి. బూట్లు వేయండి, చెప్పులతో పంపితే సైలెన్సరు తగిలి మడమ కాలుతుంది.